దించే పాట

పద్నాలుగో భాగం

పోయిన వారం వీరదుర్గను మనం బందరు బస్టాండులో, గుడివాడ బస్సు మెట్టు మీద వదిలేశాం. ఒక కాలు బస్సులో, ఒక కాలు నేల మీద. ఎక్కుదామా, ఇంటికి పోదామా అని ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. వెనకాల నిలబడ్డ ఎండుచేపల గంపావిడ "ఎక్కితే ఎక్కమ్మా, లేకపోతే తప్పుకో" అని మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. దాంతో తేలిపోయింది. మనుషుల పెద్ద పెద్ద నిర్ణయాలు చాలావరకు ఇలాగే జరుగుతాయి, తర్వాత మనమే ఆలోచించి చేశామని చెప్పుకుంటాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్లకోసం నాలుగు ముక్కలు. వీరదుర్గది బందరు పక్కన చేపల రేవు గిలకలదిండి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, పంతొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ‘అలివి’ అనే క్యాసెట్టులో ఏడు పాటలు పాడింది. అలివి అంటే ఒడ్డున నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల. ఒకరు పాట అందిస్తుంటే మిగిలినవాళ్లు బదులు పలుకుతూ దాన్ని లాగుతారు. ఆ ఏడు పాటలూ వాళ్లమ్మ పెద్దింట్లమ్మ నోటివి. దివిసీమలో ఆ క్యాసెట్టు మోగని రేవు లేదు, అరిగిపోని టేపు లేదు. ఇప్పుడు, అమ్మ పోయిన ఆరేళ్లకి, వీరదుర్గ తానే కట్టిన ఎనిమిది పాటలతో, విజయవాడ స్టూడియోలో రికార్డు చేయించి, ‘ఉప్పుగాలి’ అనే ఆల్బమ్ తెచ్చింది. చల్లపల్లిలో హరిబాబు అనే లెక్చరర్ పత్రికలో దాన్ని పాతదాని పక్కన నిలబెట్టి కొలిచాడు. "అలివి విన్న చెవులకు ఉప్పుగాలి చప్పగా ఉంది" అన్నది ఆయన తీర్పు. జనం ఆ ఒక్క వాక్యాన్నే ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. పాటల్ని మాత్రం పంపుకోలేదు.

శనివారం బందరు హాల్లో ఆవిడ కార్యక్రమం. కమిటీ తరపున వాసు నిన్న ఫోన్ చేశాడు. "అక్కా, అలివి పాటలు ఏడూ పాడండి చాలు. కొత్తవి వద్దక్కా, జనం లేచిపోతారు. రేపు సాయంత్రం ఐదింటికి ఫ్లెక్సీ ప్రింటింగుకి ఇస్తున్నాం, ఈలోగా సరేననండి" అన్నాడు. వీరదుర్గ సరే అనలేదు, కాదనలేదు. అమ్మ పాటలు పాడే మనిషిగా మాత్రమే మిగలాలంటే ఇక నోరు విప్పకపోవడమే మేలని మనసులో అనుకుంది. అనుకుని, రెండేళ్లుగా తను మొహం చూపించని మనిషి దగ్గరికి బయల్దేరింది. ‘అలివి’ని రికార్డు చేసిన గుడివాడ బాజి దగ్గరికి.

బస్సులో కండక్టరు ఆవిణ్ణి గుర్తుపట్టాడు. "మీరు దీపం పాట అమ్మగారు కదండీ! మా నాన్నగారు నాగాయలంకలో ఆ పాట వినకుండా పడుకునేవారు కాదండీ" అన్నాడు. టికెట్టు చేతిలో పెట్టి రెండు చేతులూ జోడించాడు. వీరదుర్గకి సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. కానీ ఆ దణ్ణం తనకి కాదని, పంతొమ్మిదేళ్ల ఒక పిల్లకని కూడా అనిపించింది. ఆ పిల్ల ఇప్పుడు లేదు. గుడ్లవల్లేరు దాటేవరకు కిటికీలోంచి చేలు చూస్తూ, ఆ పిల్ల మీద ఎక్కడలేని అసూయ పడింది.

గుడివాడలో బాజి కొట్టు సందు చివర ఉంటుంది. వెనకాలే ఇల్లు. ఒకప్పుడు గోడలకి బొంతలు కుట్టి రికార్డింగు గది చేశాడు. ఇప్పుడు ఆ గదినిండా పెళ్లిళ్లకి అద్దెకిచ్చే మైకుసెట్లు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివరకి జారి, నేల మీద కూర్చుని ఒక బాక్సు మరలు బిగిస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే తల ఎత్తి చూశాడు. మళ్లీ దించేశాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు.

వీరదుర్గని చిన్నప్పటినుంచి "ఒసే, దుర్గా" అని పిలిచిన మనిషి.

"బాబాయ్, తిట్టు. చెంప పగలగొట్టు. అండీ అని మాత్రం అనకు."

"మనకి విజయవాడ వాళ్లతో పరిచయాలు లేవండీ. అక్కడ ఏసీ స్టూడియోలు, అద్దాల గదులు. మనవి బొంతలు."

"తప్పయింది బాబాయ్."

"తప్పేముందండీ, మీ ఇష్టం." మర ఇంకో రెండు చుట్లు తిప్పాడు. అది ఎప్పుడో బిగుసుకుపోయింది. "రెండేళ్లు ఎదురుచూశాను. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది, బాబాయ్ పాటలు కట్టాను విను అంటుందని. ఆ పాటలు చివరికి నా మనవరాలి ఫోన్లో విన్నాను. అందరిలాగే."

 లోపల్నుంచి ఖదీజా గొంతు వినిపించింది.

"తిట్టేదేదో లోపలికొచ్చి తిట్టండి. టీ చల్లారిపోతోంది."

ఇద్దరూ లోపలికెళ్లారు. ఖదీజా ముందే చూసినట్టుంది, మూడు గ్లాసులు పెట్టింది. బాజి భార్య ఆవిడ. యాభై అయిదేళ్లుంటాయి. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే మాత్రం ఎవరికీ తిరిగి అనడానికి ఏమీ మిగలదు.

"ఏమే దుర్గా, చిక్కిపోయావు. ఈయన కోపాన్ని పట్టించుకోకు. నీ పాటలు నలభైసార్లు విన్నాడు. నా చెవులు తూట్లు పడ్డాయి."

"నలభై కాదు" అన్నాడు బాజి.

"ఔను, ఎక్కువే."

బాజి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. టీ గ్లాసు తీసుకున్నాడు. ‘అండీ’ అక్కడితో ఆగిపోయింది.

వీరదుర్గ గ్లాసు ముట్టుకోలేదు. వచ్చిన పని ఒక్క గుక్కలో చెప్పేసింది. "నిజం చెప్పు బాబాయ్. దాంట్లో ఏముంది, దీంట్లో ఏం లేదు? అవి అమ్మ పాటలు కాబట్టి బతికాయా? ఇవి నా పాటలు కాబట్టి చచ్చాయా? అదే నిజమైతే చెప్పెయ్. శనివారం వెళ్లను. ఇంకెక్కడికీ కూడా వెళ్లను. నువ్వు చెప్తే నమ్ముతాను, ఆ లెక్చరర్ చెప్తే నమ్మలేకపోతున్నాను."

బాజి లేచి, మూలనున్న పాత టేప్‌డెక్ మీద గుడ్డ తీశాడు. ‘అలివి’లో ఆఖరి పాట పెట్టాడు. దీపం పాట. మొగుడు సముద్రం మీదికెళ్లి తిరిగిరాకపోతే ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి పాడే పాట అది.

*దూరాన దీపమే దీపం, అది నావ దీపమో, చుక్క దీపమో...*

దానికి బదులు వస్తుంది: *వస్తాడు లేవే, వస్తాడు.*

అంతే. ఆ మూడు మాటల దగ్గరే దివిసీమంతా కళ్లు తుడుచుకుంది. ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్లవి. ‘వస్తాడు’ అనే మాటని అలా పలికినవాళ్లు అంతకుముందు లేరు. పాట కింద ఎక్కడో సన్నగా కిర్రు, కిర్రు అని తెరచాప కొయ్య కదిలినట్టు ఒక చప్పుడు. బాజి పెట్టిన పనితనమని అందరూ మెచ్చుకున్న చప్పుడు.

అది అయిపోగానే ఫోన్లో ‘ఉప్పుగాలి’ మూడో పాట పెట్టాడు. వీరదుర్గ అమ్మ మీద కట్టిన పాట. తెల్లవారుజామునే బందరులో బస్సెక్కి, గుడివాడ వీధుల్లో ఎండుచేపలమ్మి, ఖాళీ గంపలతో ఇంటికొచ్చిన అమ్మ.

*గంప మీద గంపెత్తి గట్టెక్కినానే, మెడ వంగె, నడుం వంగె, మాట వంగలేదే...*

దానికి నలుగురు ఆడపిల్లలు బదులు పలికారు: *దించమ్మా, కాసేపు దించు.*

బాజి ఫోను ఆపేశాడు.

"గొంతు ఇప్పటిదే బాగుంది" అన్నాడు. "అప్పుడు నువ్వు అరిచావు. ఇప్పుడు పాడావు. పాట కూడా మంచిదే. నేను నీ మీద కోపంతో ఉండి కూడా చెప్తున్నాను, మీ అమ్మ పాటల పక్కన నిలబడే పాట. కానీ బదులు పలికిన ఆ పిల్లలున్నారే, శ్రుతిలో ఉన్నారు, లయలో ఉన్నారు. ఒట్టి చేతులతో ఉన్నారు."

వీరదుర్గ తల దించుకుంది. ఎందుకంటే ఆ సంగతి ఆవిడకి తెలుసు. విజయవాడ స్టూడియోలో ఉన్నప్పుడే తెలుసు. వల పాటకి బదులు చేతిలో తాడు లేకుండా రాదు. ‘అలివి’ రికార్డు చేసినప్పుడు ఈ ఇంటి వరండా స్తంభానికే పడవ తాడు కట్టి, గిలకలదిండిలో వల లాగే అప్పయ్య మావయ్య జట్టు ఆరుగురూ దాన్ని లాగుతూ పలికారు. చేతులకి బరువు తగిలితేనే ఊపిరి తెగాల్సిన చోట తెగుతుంది, మాట పడాల్సిన చోట పడుతుంది. ఇది సంగీతం మాస్టార్లకి తెలియకపోవచ్చు, గిలకలదిండిలో చంటిపిల్లలకి తెలుసు. విజయవాడ చల్లగదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్న ఆ నలుగురు పిల్లల్ని చూసినప్పుడు "ఒక తాడు తెప్పించండి" అనే మాట వీరదుర్గ నాలుక చివరిదాకా వచ్చింది. నవ్వుతారేమో, పల్లెమనిషి అనుకుంటారేమో అని మింగేసింది. తెలియక చేసిన తప్పయితే సరిపెట్టుకోవచ్చు. తెలిసి, సిగ్గుపడి చేసిన తప్పు ఇది.

"తాడు అడగడానికి సిగ్గేసింది బాబాయ్" అంది. "మావయ్యా వాళ్లని తీసుకెళ్లాల్సింది. ముసలాళ్లయిపోయారు, వాళ్లని అక్కడికెలా తీసుకెళ్లను అనుకున్నాను. అది కూడా సిగ్గే. దీపం పాటకి ఆ ‘వస్తాడు లేవే’ అని వాళ్లు పలక్కపోతే నేనెవరిని?"

బాజి ఖదీజా వైపు చూశాడు. ఖదీజా ఖాళీ గ్లాసులు గబగబా ఏరడం మొదలుపెట్టింది.

"ఆ పాటకి వాళ్లు పలకలేదు" అన్నాడు బాజి.

"అదేంటి?"

"రికార్డింగు మూడో రోజు వాళ్లు రాలేదు కదే. నువ్వొక్కదానివే వచ్చావు, జ్ఞాపకం లేదా?"

జ్ఞాపకం ఉంది. ఆ రోజు పొద్దున్నే అమ్మ చెప్పింది, మంగినపూడి వైపు చేపలు తిరిగాయి, జట్టంతా అటు వెళ్లింది, నువ్వెళ్లి నీ వంతు పాడొచ్చెయ్ అని. వీరదుర్గ ఒక్కత్తే వచ్చి, బదులు చోట్లు ఖాళీగా వదిలేసి పాడి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది. మిగతాది నేను చూసుకుంటాను పోవే అన్నాడు బాజి.

"పాత పాటల్లోంచి వాళ్ల గొంతులు కోసి అతికించావనుకున్నాను. పైన వినిపించే ఆడగొంతు నాదే, రెండోసారి పెట్టావనుకున్నాను."

"వాళ్ల ‘ఓ’ అనే సాగదీత కోసి కింద వేశాను నిజమే, కానీ ఆ పాతవాటిలో ‘వస్తాడు లేవే’ అనే మాట ఉంటే కదా కొయ్యడానికి? మర్నాడు క్యాసెట్టు మద్రాసు వెళ్లాలి. తల పట్టుకుని ఇదిగో, ఈ గుమ్మంలోనే కూర్చున్నాను. పెరట్లో మీ పిన్ని నీళ్లు తోడుకుంటోంది. రెండు రోజులుగా మీ పాటలు విని విని ఆవిడ నోటికొచ్చేశాయి. నీ గొంతు గదిలో మోగుతుంటే, తను చేద లాగుతూ ‘వస్తాడు లేవే’ అంది. ఊరికే. నేను లేచి, మైకు వైరు పెరట్లోకి లాగాను."

వీరదుర్గ పాత టేప్‌డెక్ వైపు తిరిగింది.

"ఆ కిర్రు కిర్రు..." అంది.

"నూతి గిలక" అంది ఖదీజా. "నూనె వెయ్యమని ఆయనకి వారం నుంచీ చెప్తున్నాను అప్పటికి."

ఇరవై ఒక్క ఏళ్లు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, ఎక్కడ స్టేజీ ఎక్కినా ఆ మూడు మాటల దగ్గర చప్పట్లు. కండక్టరు తండ్రి ఏ గొంతు వింటూ నిద్రపోయాడో ఆ గొంతు గుడివాడ పెరట్లో నీళ్లు తోడుకుంటున్న ఒక ఇల్లాలిది. క్యాసెట్టు అట్ట మీద ఆవిడ పేరు లేదు. ‘బదులు: అప్పయ్య బృందం’ అని ఉంది.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఏమని చెప్పనే? అది మీ వాళ్ల పాట. సముద్రం మొహం సరిగ్గా చూడనిదాన్ని, మధ్యలో నేనెవరిని? ఒకటి మాత్రం ఉంది." ఖదీజా గ్లాసులు కింద పెట్టేసింది. "నాకెప్పుడైనా మనసు బాగోలేకపోతే ఆ పాట పెట్టుకుంటాను. నా గొంతే నన్ను ఓదారుస్తుంది. ఎంతమందికి దక్కుతుంది అది? అది నీ వల్లే కదా అనుకునేదాన్ని."

వీరదుర్గ లేచి వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. అరచేతుల్లో తాడు కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఏడ్చింది. సిగ్గుపడకుండా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. "ఇన్నేళ్లూ నాకొచ్చిన దణ్ణాల్లో సగం నీవి పిన్నీ. బస్సులో ఇందాకొచ్చిన దణ్ణం కూడా నీదే. చల్లగా ఉండు. నువ్వు ఆ రోజు నీళ్లు తోడుకోకపోతే నేను లేను" అంది. బాజి కళ్లజోడు తుడుచుకోవడానికి చొక్కా కొస వెతుక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా మోస్తున్న మాట దించేసరికి ఆయన భుజాలు కూడా తేలికపడ్డట్టున్నాయి.

కాసేపయ్యాక ఖదీజా అంది. "నీ కొత్త పాట సంగతి ఈయన చెప్పింది సగమే దుర్గా. తాడు లేదన్నాడు. తాడు పెట్టినా అప్పటిలాగా లాగితే రాదది."

"అంటే?"

"రా."

పెరట్లో నుయ్యి అలాగే ఉంది. మోటారు వచ్చింది గానీ, కరెంటు పోయినప్పటికని గిలకా తాడూ ఉంచుకుంది ఖదీజా. చేదలో అడుగున రాయి వేసి, తాడు వీరదుర్గ చేతికిచ్చింది.

"లాగేటప్పుడు బరువుంటుందని అందరికీ తెలుసు. దించేటప్పుడు? వదిలేస్తే చేద గోడకి కొట్టుకుని పగులుతుంది. ఒక్కో మూరే, చెయ్యి బిగించి దించాలి. లాగడం కంటే కష్టం. నీ మొదటి క్యాసెట్టులోవన్నీ లాగే పాటలే. ఇవి దించే పాటలు. ‘దించమ్మా, కాసేపు దించు’ అన్నది ఆ పిల్లలు గంప ధన్‌మని కింద పారేసినట్టు పాడారు. అమ్మ నెత్తి మీద గంపని అలా దించుతారా ఎవరైనా? ఇటిచ్చి, నువ్వు పాట అందుకో."

వీరదుర్గ నూతి చప్టా మీద నిలబడి అందుకుంది. *గంప మీద గంపెత్తి గట్టెక్కినానే...*

ఖదీజా తాడు వదులుతూ పలికింది. ఒక్కో మాటకీ ఒక మూర. ‘దించమ్మా’ దగ్గర చేతులు బిగిశాయి, గొంతు కూడా బిగిసింది. ‘కాసేపు’ దగ్గర కొంచెం జారింది. ఆఖరి ‘దించు’ నీళ్లకి తగిలేదాకా సాగింది. గిలక కిర్రుమంది. ఎవరో నిజంగానే ఎదురొచ్చి, నెత్తి మీది గంపని రెండు చేతులా పట్టుకుని నేలకి దించినట్టుంది. వీరదుర్గకి రెండో చరణం మర్చిపోయినంత పనయింది. తను కట్టిన పాటని తను మొదటిసారి విన్నది అప్పుడే. చప్పగా లేదు. ఎక్కడా చప్పగా లేదు.

"చూశావా" అన్నాడు బాజి, అంతా తనే కనిపెట్టినట్టు.

అక్కణ్నించే వాసుకి ఫోన్ చేసింది. టైము రెండు దాటింది. "తమ్ముడూ, ఫ్లెక్సీ మీద ఉప్పుగాలి అని వెయ్యి. పాతవాటిలో దీపం పాట ఒక్కటే పాడతాను. బదులు పలికేది ఖదీజా అని పేరు వెయ్యి, పెద్దక్షరాల్లో. స్టేజీ మీదికి పడవ తాడు ఒకటి కావాలి."

అటువైపు నుంచి వాసు అడిగాడు. "తాడెందుకక్కా? ఖదీజా అంటే ఎవరు? దీపం పాటకి పలికింది మా నాన్న జట్టు కదా." వాసు ఎవరో కాదు, అప్పయ్య కొడుకు. "చూడక్కా, మీరు నాన్నని వదిలేసి రికార్డింగు చేసుకొచ్చినందుకు ఆయన అప్పట్నుంచీ మీ పేరెత్తడం లేదు. ఆయన వచ్చి తాడు పట్టుకుంటానంటే నాకే అభ్యంతరం లేదు, కొత్తవన్నీ పాడుకోండి. ఐదింటిలోగా ఆయన చేతే చెప్పించండి."

వీరదుర్గ ఫోను పెట్టేసి ఖదీజా వైపు చూసింది. ఖదీజా అప్పటికే చెప్పులేసుకుంటోంది.

"బస్సు ఎన్నింటికే?" అంది.

గిలకలదిండి చేరేసరికి నాలుగు దాటింది. వేలంపాటలు అయిపోయాయి. మరపడవలు కడిగిన నీళ్లు పాయలుగా రేవులోకి జారుతున్నాయి. ఐసు మర దాటాక రేకుల షెడ్డు కింద ముగ్గురు ముసలాళ్లు వల బాగుచేసుకుంటూ కూర్చున్నారు. ఆ ఆరుగురి జట్టులో మిగిలింది ఈ ముగ్గురే. మధ్యలో ఉన్నది అప్పయ్య. చేతిలో వల అల్లే కండె, కాలి బొటనవేలికి తగిలించిన వల కన్ను.

"మావయ్యా" అంది వీరదుర్గ.

అప్పయ్య తల ఎత్తలేదు. "విజయవాడ నించి ఇంత దూరం వచ్చావా?"

"తప్పయింది మావయ్యా. తాడు అడగడానికి సిగ్గేసింది."

"సిగ్గు తాడుకా, మాకా?"

ఆ మాట సూటిగా తగిలింది. వీరదుర్గ తప్పించుకోలేదు. "మీకే" అంది. "మిమ్మల్ని తీసుకెళ్లడానికే. ఇంత తిండి పెట్టిన చేతుల్ని చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా మొహం చూసుకోవడానికి సిగ్గుగా ఉంది."

కండె ఆగింది. పక్కనున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వీరదుర్గ షెడ్డు గుంజకి వేలాడుతున్న తాడు తీసి, ఒక కొస ఐసుపెట్టెకి కట్టింది. రెండో కొస తెచ్చి అప్పయ్య ముందు పెట్టింది. "ఇది లాగే పాట కాదు మావయ్యా. దించే పాట. అమ్మ మీద కట్టాను. ఒక్కసారి పలుకు. బాగాలేకపోతే మళ్లీ నీ ముందు పాడను."

ఆవిడ అందుకుంది. *మెడ వంగె, నడుం వంగె, మాట వంగలేదే...*  ఆ ‘మాట వంగలేదే’ దగ్గర అప్పయ్య మొహం మారింది. పెద్దింట్లమ్మ ఆయనకి తోడబుట్టకపోయినా చెల్లెలే. కండె పక్కన పడేశాడు. లేచి, తాడు అందుకుని, పెట్టెని గట్టు అంచుకి నెట్టమని పక్కవాళ్లకి తలతో చెప్పాడు. ఐసుపెట్టె కింది మెట్టు మీదికి దిగుతుంటే, ముగ్గురూ తాడు బిగబట్టి ఒక్కో మూరే వదిలారు.

*దించమ్మా, కాసేపు దించు.*

బొంగురు గొంతులు, పళ్లు ఊడిపోయిన నోళ్లు. వాటి పైన, ఎవరూ పిలవకుండానే, ఖదీజా గొంతు కలిసింది. వల బుట్టలు మోసుకెళ్తున్న ఆడవాళ్లు ఇద్దరు ఆగిపోయారు. ఒకావిడ నెత్తి మీది బుట్ట దించి చంకలో పెట్టుకుంది. పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఇంకోసారి పాడమ్మా" అంది బుట్ట దించినావిడ.

వీరదుర్గకి ఇంకేమీ అక్కర్లేదనిపించింది. హరిబాబు అక్కర్లేదు, ఫ్లెక్సీ అక్కర్లేదు. ఈ ముగ్గురూ, గుడివాడ నుంచి వచ్చిన ఈ ఒక్క మనిషీ తనకి దొరికినందుకు సముద్రానికి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టింది కూడా.

అప్పయ్య మాత్రం ఖదీజానే చూస్తున్నాడు.

"ఆ గొంతు మీదా అమ్మా?" అన్నాడు. "దీపం పాటలో?"

ఖదీజా తలూపింది.

"మేం పలకలేదని మాకు తెలుసు కదండీ. మరెవరో తెలియక ఇరవై ఏళ్లు కొట్టుకుపోయాను. ఊరూరా నన్ను మెచ్చుకుంటుంటే తలొంచుకుని నిలబడ్డాను." రెండు చేతులూ జోడించి ఆవిడకి దణ్ణం పెట్టాడు. "వాసుతో చెప్తాను. శనివారం తాడు మేమే తెస్తాం. మీ పేరు ముందేయిస్తాను."

తర్వాత వీరదుర్గ వైపు తిరిగాడు. ఆయన మొహంలో ఇంకా ఏదో దించాల్సింది ఉంది.

"ఆ మూడో రోజు మేమెందుకు రాలేదని చెప్పింది మీ అమ్మ?"

"మంగినపూడి వైపు చేపలు తిరిగాయని..."

"ఆ రోజు ఈ ఒడ్డున ఒక్క వల కూడా తడవలేదమ్మా. మేం ఆరుగురం స్నానాలు చేసి, తాడు చుట్టుకుని, నీకంటే ముందే బస్టాండులో ఉన్నాం. బస్సు దగ్గరికొచ్చి మమ్మల్ని వెనక్కి పంపింది మీ అమ్మే. ఆ పాటకి మాత్రం మీరు పలకడానికి వీల్లేదు, ‘వస్తాడు’ అనే హక్కు ఇంకొక మనిషికే ఉంది అంది. ఆ మనిషి పేరు కూడా చెప్పింది."

(సశేషం)